కౌసమ్మ తాగని బీడీలు

ఆ రోజు కోరన్ తాత ఇంట్లో ఉన్నది నలుగురం. వసారాలో పడక కుర్చీలో తాత. ఆయన ఎదురుగా పీట మీద పేపరు పట్టుకుని నేను. వంటింట్లో కర్రపెండలం ఉడకబెడుతూ ఆయన కోడలు ప్రసీత. లోపలి గదిలో గుడ్డ ఉయ్యాలలో ఆమె కూతురు, ఏడాది పిల్ల. తాత కొడుకు పవిత్రన్ అప్పటికే చేనేత సంఘానికి, మగ్గం మీదికి వెళ్ళిపోయాడు. చేపలవాడు గేటు దగ్గర సైకిలు బెల్లు కొట్టి వెళ్ళాడు కానీ అతన్ని లెక్కలోకి తీసుకోను. ఎవరెవరున్నారో ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, తాత ఆ రోజు చెప్పిన మాట విన్నది నేనొక్కదాన్నే. ప్రసీత చేచ్చికి, అంటే ప్రసీతక్కకు కూడా వినపడలేదు.

కోరన్ తాత నాకు సొంత తాత కాదు. మా ఇంటికి, వాళ్ళ ఇంటికి మధ్య ఒక కంచె, రెండు పోక చెట్లు. ఊళ్ళో పెద్దవాళ్ళకు ఆయన కోరేట్టన్, అంటే కోరన్న. రెండేళ్ళ కిందట ఆయన కళ్ళకు శుక్లాలు తీస్తే ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుగు, నీడ తప్ప ఏమీ ఆనదు. అప్పటి నుంచి బడికి వెళ్ళే ముందు గంటసేపు ఆయనకు పేపరు చదివి పెట్టడం నా పని. ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పేపరు మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చూడలేక వెళ్ళి చదివాను.

బళ్ళో పేరు పిలిస్తే పలకడానికి కూడా నాకు గొంతు వచ్చేది కాదు. తాత దగ్గర వచ్చేది. ఆయనకు నా మొహం కనపడదు కాబట్టి కాబోలు.

మా పుల్లాంచేరిలో రెండిళ్ళకు ఒక ఇంట్లో బీడీలు చుడతారు. మా అమ్మా చుడుతుంది. తాత బీడీ షెడ్డులో ముప్ఫై ఏళ్ళున్నాడు. అందులో ఇరవై ఏళ్ళు ఆయన చుట్టలేదు, చదివాడు. నలభై మంది ఒళ్ళో చేటలు పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, పొగాకు నింపుతూ, దారం కడుతూ ఉంటే, మధ్యలో ఎత్తు బల్ల మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదవాలి. ఆయన వంతు బీడీలు మిగతావాళ్ళు తలా కొన్ని చుట్టి ఆయన చేటలో వేసేవాళ్ళు.

చదవడంలో ఆయనకు పట్టింపులు చాలా ఉండేవి. కామా దగ్గర ఆగాలి, కామా లేని చోట ఆగకూడదు. చావు వార్తకు ఏడుపు గొంతు పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క పంక్తి వదలకూడదు. ఎప్పుడో సమ్మె విరిగిపోయిందని వార్త వచ్చిన రోజు, ఎదురుగా ఉన్న నలభై మొహాలు చూసి ఆయనకు నోరు రాలేదట. నాలుగు పంక్తులు మింగేసి కింది వార్తకు దిగాడు. ఒణక్కన్ అనే ఆయన పొద్దున్నే టీ కొట్టులో అదే పేపరు చదువుకుని వచ్చాడు. "కోరేట్టా, ఆ నాలుగు పంక్తులూ చెదలు తిన్నాయా?" అన్నాడు. తాతను వారం రోజులు బల్ల దింపి చేట పట్టించారు.

"వినేవాడికి కళ్ళు మనమే, షిమ్నా. మనకు నచ్చలేదని మింగితే వాణ్ణి గుడ్డివాణ్ణి చేసినట్టే" అనేవాడు, ఆ కథ చెప్పిన ప్రతిసారీ.

తొంభై తొమ్మిది వానాకాలం అది. ఆ రోజు పేపర్లో హైకోర్టు తీర్పు వచ్చింది. బస్టాండు, ఆసుపత్రి, బడి, జనం తిరిగే ఏ చోటా పొగ తాగకూడదు. తాగినవాడే కాదు, పక్కన కూర్చుని ఆ పొగ పీల్చినవాడూ జబ్బు పడతాడు. అది చదువుతుండగా తాత వేళ్ళ మధ్య ఇంకా ముట్టించని బీడీ ఉంది.

"ఆ పక్కన కూర్చున్నవాడి సంగతి మళ్ళీ చదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను. బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"కౌసు ఒక్క బీడీ ముట్టలేదు" అన్నాడు. కౌసు ఆయన భార్య. పోయి ఆరేళ్ళయింది. ఆవిడా షెడ్డులోనే చుట్టేది. చుట్టడంలో ఆవిడంత చురుకైన చెయ్యి ఊళ్ళో లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

"తెలుసు తాతా."

"నీకేం తెలుసు? వంతెన మునిగిన ఏడు, పడవ మీద ఏరు దాటించి కోజికోడ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నవాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంది, ఈవిడ పొగ తాగుతుందా అన్నాడు. లేదన్నాను. మరి ఇంట్లో ఎవరు తాగుతారన్నాడు."

ఆగాడు. వంటింట్లో ప్రసీత చేచ్చి గిన్నె దించిన చప్పుడు వినిపించింది. తాత గొంతు ఇంకా తగ్గించాడు.

"ఎవరూ తాగరన్నాను. కట్ట నా నడుం దగ్గరే ఉంది, పంచె మడతలో. నోట్లోంచి వాసన కొడుతూనే ఉండి ఉంటుంది. అతను నా మొహం చూసి ఏదో రాసుకున్నాడు. కౌసూ చూసింది. ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో కూడా అనలేదు. అక్కణ్ణుంచి నాలుగు నెలలు బతికింది, ఆ నాలుగు నెలల్లో కూడా అనలేదు."

"పవిత్రేట్టన్‌కి తెలుసా?"

"పొగాకు దుమ్ము వల్ల అని చెప్పాను. చుట్టేవాళ్ళకు వచ్చేదే అన్నాను. అందుకే కదా వాడు ప్రసీతను చేట ముట్టుకోనివ్వడు." చెవి మీది బీడీ తడిమాడు. "చెప్పాలి. చెప్తాను. అది పేపర్లో వచ్చేది కాదులే. కింద ఏముంది, చదువు."

కింద రబ్బరు ధరలున్నాయి. చదివాను. ఆయన చెవి మీది బీడీ తీసి ముట్టించాడు. పొగను నా వైపు కాకుండా అటు తిరిగి వదిలాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా తిరగలేదు.

ఆ సాయంత్రం అదంతా డైరీలో రాసుకున్నాను. నేను అన్నీ రాసుకుంటాను. అందులో తప్పుందని అప్పుడు తోచలేదు.

*

మా ఊళ్ళో గ్రంథాలయం అంటే రెండు గదులు. ముందు గదిలో పొడుగు బల్ల, బెంచీలు, పేపర్లు. వెనక గదిలో పుస్తకాల బీరువాలు. సాయంత్రం అయిదు దాటితే ముందు గది మగవాళ్ళతో నిండిపోయేది. ఒకరు పేపరు చదివితే పదిమంది వాదించేవాళ్ళు, పదిమందీ బీడీలు కాల్చేవాళ్ళు. దీపం వేస్తే వెలుగు పొగలో ఆగిపోయేది. తాత రోజూ అక్కడికి వెళ్ళేవాడు. గోడ పట్టుకుని, దారి గుర్తు పెట్టుకుని, ఎవరి తోడూ లేకుండా వెళ్ళగలిగిన చోటు అదొక్కటే. కిటికీ పక్కన మూల ఆయనది.

ఆడవాళ్ళు, ఆడపిల్లలు గుమ్మం దగ్గరే నిలబడి చీటీ ఇచ్చి పుస్తకం తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. కానీ ఒకసారి వారపత్రికలో ఒక కథ చూసి, ఆశపడి బెంచీ చివర కూర్చున్నాను. అరపేజీ చదివేసరికి కళ్ళ వెంట నీళ్ళు, ఆగని దగ్గు. మగవాళ్ళంతా తలలెత్తి చూశారు. "ఎవరి పిల్లరా, నీళ్ళివ్వండి" అన్నారు ఎవరో. బీడీ ఆర్పుదామని మాత్రం ఎవరికీ తోచలేదు. పరుగెత్తి వచ్చేశాను. ఆ కథ చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

తీర్పు వచ్చాక ఊరంతా అదే మాట. గ్రంథాలయం జనం తిరిగే చోటా, సభ్యుల సొంత చోటా? బీడీ షెడ్డు ఏ లెక్కలోకి వస్తుంది? టీ కొట్టు సంగతేమిటి? గ్రంథాలయం కార్యదర్శి భరతన్ మాష్, అంటే మాస్టారు, మా బడిలో సైన్సు చెబుతారు. ఆగస్టు పదిహేనున వార్షికోత్సవంలో దాని మీద చర్చ పెట్టి, చేతులెత్తించి తేలుద్దామన్నారు. ఏటా తెచ్చే చేతిరాత పత్రికకు కూడా ఈసారి అదే విషయం అన్నారు. ఎవరు ఏం రాసి ఇచ్చినా పోస్టాఫీసు గుమాస్తా తన గుండ్రటి అక్షరాలతో ఒకే నోటుపుస్తకంలోకి ఎక్కించి బల్ల మీద పెడతాడు. కావలసినవాళ్ళు చదువుకుంటారు. ఎవరి చేతిరాతో తెలియదు.

నేను రాసి ఇచ్చాను. మాష్ రెండు నిమిషాల్లో చదివి తిరిగి చేతిలో పెట్టారు.

"ఇవన్నీ మన సైన్సు పుస్తకంలో ఉన్నవే, షిమ్నా. ఇది చదివి ఒణక్కేట్టన్ బీడీ ఆర్పుతాడా? నీ కళ్ళతో చూసిందో, చెవులతో విన్నదో ఒక్క సంగతి రాయి. ఒక్కటి చాలు."

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. చూసిందీ విన్నదీ ఉన్నది అందులోనే. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తాతకు కళ్ళు లేవు, పత్రిక చదవలేడు. పవిత్రేట్టన్ మగ్గం దిగితే ఇల్లు తప్ప ఎక్కడికీ వెళ్ళడు. పేర్లు తీసేశాను. ఊరి పేరు తీసేశాను. 'ఒక భర్త, ఒక భార్య' అని రాశాను. 'వంతెన మునిగిన ఏడు' అన్న మాట మాత్రం ఉంచాను. దాన్ని తీస్తే వాక్యం బోసిపోయినట్టు అనిపించింది. రెండుసార్లు కొట్టేసి రెండుసార్లూ మళ్ళీ రాశాను. పడవ కూడా ఉంచాను. కింద 'ఒక పాఠకురాలు' అని పెట్టాను.

ఈసారి మాష్ రెండుసార్లు చదివారు. "ఇది రాసింది నువ్వేనా?" అన్నారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మాష్‌ది తలశ్శేరి, మా ఊరికి వచ్చి మూడేళ్ళే అయింది. వంతెన మునిగిన ఏడు ఆయన ఇక్కడ లేరు.

*

ఆగస్టు పదిహేను ఆదివారం. మధ్యాహ్నం నుంచి వాన. గది నిండిపోయి వసారాలోకి కూడా జనం వచ్చారు. చర్చకని ఆ రోజు ఆడవాళ్ళనూ పిలిచారు. అమ్మ వచ్చింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తాత కిటికీ మూలలో. చేనేత సంఘం వాళ్ళంతా ఓటుకు రావాలని మాష్ ఇల్లిల్లూ తిరిగారు కాబట్టి, వెనక గోడకు ఆనుకుని పవిత్రేట్టన్ కూడా ఉన్నాడు. అతన్ని చూసినప్పుడు కూడా నాకు భయం వేయలేదు. పత్రిక బల్ల మీదే కదా ఉంటుంది.

మాష్ లేచి, "కళ్ళజోడు లేనివాళ్ళకు పత్రికతో ఉపయోగం లేదని పెద్దవాళ్ళు ఏటా అంటున్నారు. ఈసారి పైకి చదివిద్దాం. తర్వాత చర్చ" అన్నారు. "చదవవలసింది కోరేట్టనే. ఈ ఊళ్ళో చదువరి అంటే ఆయనే కదా."

"నా కళ్ళు నా దగ్గర లేవు మాష్" అన్నాడు తాత, నవ్వుతూ. "అదిగో, అక్కడెక్కడో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంటాయి. షిమ్నా, లే. రెండేళ్ళు నేను తయారుచేసిన గొంతు ఊరంతా వినాలి."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ మోచేత్తో పొడిచింది. వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాను.

మొదటిది ఒణక్కన్ తాత చెప్పగా ఎవరో రాసింది. "ఈ గ్రంథాలయం గోడలు మట్టితో లేచినవి కావు. నలభై మంది ఆదివారాలు అదనంగా చుట్టిన బీడీలతో లేచినవి. బీడీతో కట్టిన ఇంట్లో బీడీకి చోటు లేదనడం, కన్నతల్లిని వసారాలో కూర్చోబెట్టినట్టు. మా ఇంటావిడ పొయ్యి పొగ రోజుకు మూడుసార్లు నా మీదికి వదులుతుంది. కోర్టువారు దాని మీద కూడా తీర్పు చెబితే నేనూ బీడీ మానేస్తాను." గదంతా నవ్వు. "పొయ్యి ముందు నువ్వు కూర్చో, పొగ నేను చూసుకుంటాను" అంది ఆయన భార్య ఆడవాళ్ళ వరసలోంచి. ఇంకా నవ్వు. నా గొంతు కుదుటపడింది. తాత నా వైపు చెవి పెట్టి తల ఊపుతున్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

పేజీ తిప్పాను. గుండ్రటి అక్షరాలతో, నాది.

మొదటి పేరా చదివాను. రెండోది చదివాను, వారపత్రికలో కథ సగంలో వదిలేసి వెళ్ళిన అమ్మాయి సంగతి. ఆడవాళ్ళ వరసలో గుసగుస లేచింది. మూడో పేరా మొదలుపెట్టాను. "జీవితంలో ఒక్క బీడీ ముట్టని ఒక భార్య ఉండేది. వంతెన మునిగిన ఏడు ఆమెను పడవ మీద" అని చదివి ఆగిపోయాను.

వదిలేయవచ్చు. కింద ఇంకో పేరా ఉంది, నేరుగా దానికి దిగవచ్చు. ఎవరికీ తెలియదు. మాష్‌కు తెలిసినా ఏమీ అనరు. అప్పుడు నాకు అది తోచింది కూడా.

"ఆగకు" అన్నాడు తాత మూలలోంచి. "కామా లేని చోట ఆగుతున్నావు. మళ్ళీ వాక్యం మొదటి నుంచి అందుకో."

అందుకున్నాను. ఎందుకు అందుకున్నానో చాలాసార్లు ఆలోచించాను. ఆయన చెప్పాడు కాబట్టి చదివానని నాకు నేను చెప్పుకుంటాను. అది కొంతవరకే నిజం. అంతమంది వింటున్నారు, గొంతు బాగా పలుకుతోంది, అది నేను రాసింది.

"వంతెన మునిగిన ఏడు ఆమెను పడవ మీద ఏరు దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంట్లో పొగ తాగేది ఎవరని డాక్టరు అడిగాడు. ఎవరూ తాగరన్నాడు భర్త. అప్పుడు బీడీ కట్ట ఆయన నడుం దగ్గరే ఉంది. భార్య అది చూసింది. నాలుగు నెలలకు చనిపోయింది. ఆ నాలుగు నెలల్లో ఆమె భర్తను ఒక్క మాట అనలేదు."

వంతెన మునిగిన ఏడు మా ఊరి నుంచి పడవ మీద ఆసుపత్రికి వెళ్ళిన మనిషి ఒక్కతే. ఆ పడవ పట్టుకున్నవాళ్ళు అయిదారుగురు ఆ గదిలోనే ఉన్నారు. ఒణక్కన్ తాత అందులో ఒకడు. తలెత్తి చూశాను. ఎవరూ నన్ను చూడడం లేదు. అందరూ కిటికీ మూలకు చూస్తున్నారు.

తాత ముఖం అలాగే నా వైపు తిరిగి ఉంది. తల ఊపడం మాత్రం ఆగిపోయింది.

పవిత్రేట్టన్ వెనక గోడ దగ్గర్నుంచి జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. కేకలేమీ వేయలేదు.

"నాన్నా, అది అమ్మేనా?"

"అవును" అన్నాడు తాత.

"డాక్టరు అడిగాడా?"

"అడిగాడు."

"దుమ్మన్నావు కదా నాతో. ఆరేళ్ళ నుంచి నేను ఆ షెడ్డునే తిట్టుకుంటూ ఉన్నాను కదా."

పవిత్రేట్టన్ గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు. భరతన్ మాష్‌కు అప్పటికి అర్థమైంది. "సరే, ఇది ఇక్కడితో" అని నా చేతిలోంచి పత్రిక తీసుకోబోయారు.

"ఇంకా ఉందా?" అని అడిగాడు తాత.

"రెండు పంక్తులున్నాయి తాతా" అన్నాను.

"చదువు."

చదివాను. ఈ గదిలో పొగ తాగకూడదని, తాగేవాళ్ళకు వెనక వసారాలో బెంచీ వేయాలని. అంతే ఆ రెండు పంక్తులు.

తర్వాత చర్చ అనుకున్నంత జరగలేదు. "బస్సులు వదిలే పొగ సంగతేమిటి?" అని ఒకరన్నారు, అంతే. మాష్ చేతులెత్తమన్నారు. పొగ వద్దన్నవాళ్ళవి ఇరవై ఆరు. కావాలన్నవాళ్ళవి పదకొండు. ఒణక్కన్ తాత ఏ వైపూ ఎత్తలేదు. కోరన్ తాత చెయ్యి ఇరవై ఆరులో ఉంది. పైకి లేచి ఉన్న ఆ చెయ్యి చూసి, నా మీద కోపం లేదేమోనని ఒక్క నిమిషం ఆశపడ్డాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు సగం దారిలో అమ్మ నా వైపు తిరిగింది. "మన అన్నం బీడీ, నీ పుస్తకాల సంచి బీడీ. అయినా నువ్వు రాసింది సరైనదే, నేనూ చెయ్యెత్తాను. కానీ ఆ మనిషి నీకు చెప్పుకుంది నువ్వు పిల్లవని. పేపరువాళ్ళకు చెప్పలేదు."

*

మర్నాటి నుంచి గదిలో పొగ లేదు. వెనక వసారాలో బెంచీ వేశారు. ఒణక్కన్ తాత వాళ్ళు అక్కడ కూర్చుని, "లోపల చదివేవాళ్ళకు పొగ లేదు, బయట తాగేవాళ్ళకు పేపరు లేదు, మంచి తీర్పే" అని వెక్కిరించేవాళ్ళు. కొన్నాళ్ళకు మాష్ ఒక పేపరు బయటికి కూడా పంపారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి రావడం మొదలుపెట్టారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. గాలి బాగానే ఉంది. కిటికీ మూల ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. అంతసేపూ ఒకే పేజీ చూస్తూ ఉండి వచ్చేశాను.

తాత ఇంటికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. రోజూ పొద్దున తయారయ్యేదాన్ని, కంచె దాకా వెళ్ళేదాన్ని, తిరిగి వచ్చేసేదాన్ని. పదకొండు రోజులు అలాగే గడిచాయి. బావి దగ్గర ప్రసీత చేచ్చి కనిపించింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఇద్దరూ నాతోనే మాట్లాడతారు షిమ్నా" అంది, చేద లాగుతూ. "నాన్నకు గంజి పెట్టమని ఆయన నాతో అంటారు. వాడు తిన్నాడా అని మామయ్య నాతో అంటారు. పక్కపక్కనే కూర్చుని. ఆయన సంఘంలో రాత్రి కాపలా పని కూడా అడిగి తీసుకున్నారు, ఇంట్లో ఉండక్కర్లేకుండా. పొద్దున వచ్చి పడుకుంటారు."

"తాత పేపరు?"

"వస్తుంది. కుర్చీ కింద పెడతారు. దొంతర అయింది."

పన్నెండో రోజు వెళ్ళాను. వసారాలో కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టాను. ప్రసీత చేచ్చి వస్తుందనుకుంటే తాతే వచ్చాడు. ఒక తలుపు రెక్క తీసి, దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. ఆయన దగ్గర బీడీ వాసన లేదు. అది గమనించి నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"తాతా" అన్నాను.

"షిమ్నా. నెమ్మదిగా మాట్లాడు. వాడిప్పుడే పడుకున్నాడు."

పదకొండు రోజులుగా కూడబలుక్కున్నవన్నీ పోయాయి. "పేర్లు రాయలేదు తాతా. ఎవరికీ తెలియదనుకున్నాను. అది మీ ముందు చదవాల్సి వస్తుందనుకోలేదు" అన్నాను.

"నువ్వు బాగా చదివావు."

"చదవకుండా వదిలేయాల్సింది."

"వదిలితే నేను పట్టుకునేవాణ్ణి" అన్నాడు. చిన్నగా నవ్వబోయి ఊరుకున్నాడు. "నువ్వు రాసినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. పొగ సంగతి కూడా నువ్వన్నదే సరి. అందుకే చెయ్యెత్తాను. దానికి నువ్వేం బాధపడకు."

"మరి పవిత్రేట్టన్..."

ఆయన తలుపు రెక్క మీద వేళ్ళు కదిలిస్తూ నిలబడ్డాడు.

"కర్కాటక అమావాస్యకు ఏటా మేమిద్దరం ఏటికి వెళ్ళి కౌసుకు పిండం పెట్టి వస్తాం" అన్నాడు. "వచ్చే దారిలో చెప్పాలని ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. ఈసారి నోటి దాకా వచ్చింది. మీ సభకు నాలుగు రోజుల ముందు. వాన ఎక్కువైంది, వాడు నా చెయ్యి పట్టుకుని గబగబా నడిపించాడు. సరే, ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. నేను చెప్పి ఉంటే వాడు నన్ను తిట్టేవాడు, ఏడ్చేవాడు. కానీ నా నోటితో విని ఉండేవాడు. ఇప్పుడు నేను వాడికి చెప్పడానికి ఏముంది? అంతా చదివేశారు కదా."

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని చూశాను కానీ ఆయనకు చప్పుడు తెలుస్తుంది.

"ఇప్పుడైనా చెప్పండి తాతా. నేను ఇక ఏదీ రాయను."

"రాసుకో. రాయొద్దని నేనెందుకంటాను? నీకు బాగా వస్తుంది." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఏదో ఒక దారి ఉండేది. "నా దగ్గరికి మాత్రం రాకు షిమ్నా. నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. రెండేళ్ళలో అలవాటైపోయింది. ఇక చెప్పలేను."

లోపల మంచం కిర్రుమంది. పవిత్రేట్టన్ ఒత్తిగిలినట్టున్నాడు. తాత అటు చెవి పెట్టాడు, మళ్ళీ చప్పుడు లేకపోయేసరికి నా వైపు తిరిగాడు. తలుపు ముందుకు తోయబోయి ఆగి, చేత్తో గుమ్మం అంచు తడిమాడు.

"వేళ్ళు ఉన్నాయేమో చూసుకో, నలుగుతాయి" అన్నాడు.

గుమ్మం మీద ఉన్న చెయ్యి తీసేశాను. తీశానని చెప్పాను. ఆయన తలుపు వేసుకున్నాడు.